ప్రతియు క్రమమును: సాఫ్ట్‌వేరు విడుదల కథ

హనుమకొండలోని వేయిస్తంభముల గుడిని చూడనివారు ఓరుగల్లు ప్రాంతమున అరుదు. కాకతీయ రుద్రదేవుడు క్రీ.శ. 1163లో శివునకును, విష్ణువునకును, సూర్యునకును కట్టించిన త్రికూటాలయ మది. ఆలయమునకు ఎదురుగా, నందికి ఆవలి వైపున, ఒక కల్యాణమండపము కలదు. శతాబ్దములు గడచినకొలదియు ఆ మండపము కుంగి శిథిలము కాగా, పురావస్తు శాఖవారు ఈ శతాబ్దపు తొలి దశకమున దానిని విప్పి మరల కట్టుటకు పూనుకొనిరి. స్తంభములు, దూలములు, కప్పురాళ్లు ఒక్కొక్కటిగా క్రిందికి దింపబడినవి. పునాది మొదలు తిరిగి నిర్మించి, 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రినాడు, మండపమును ప్రజలకు తెరచిరి.

విప్పుటకు ముందు శిలలకు సంఖ్యలు వేసిరి. ఈ చిన్న పనిలోనే ఆ పెద్ద పని యొక్క ప్రాణమున్నది. రాయిని దింపిన చేతులే దానిని తిరిగి ఎత్తునన్న నమ్మకము లేదు. మధ్యన ఏండ్లకు ఏండ్లు గడచును. అధికారులు మారుదురు, పనివారు మారుదురు. ఏ రాయి ఎచ్చటిది, దేనిపైన దేనిని నిలుపవలెను, ఏది పనికిరాక దాని స్థానమున కొత్తరాయి వచ్చినది అను సంగతులు ఎవరి జ్ఞాపకములోనో యున్న చాలదు. అవి వ్రాతలో నుండవలెను. ఆ వ్రాత రాతితోపాటు నిలువవలెను.

మేము ఈ వ్యాసమున చెప్పదలచినది శిల్పమును గూర్చి కాదు. కంటికి కనబడని మరియొక కట్టడమును గూర్చి. దాని పేరు సాఫ్ట్‌వేరు. నేడు బ్యాంకులో సొమ్ము తీయవలెనన్నను, రైలునకు టిక్కెట్టు కొనవలెనన్నను, ఆసుపత్రిలో పరీక్షాఫలితము చూడవలెనన్నను, మా వంటివారము మీ చెవికి ఒక మాట చేర్పవలెనన్నను, ఎచ్చటనో ఒక కంప్యూటరులో ఒక ప్రోగ్రాము నడువవలెను. ఆ ప్రోగ్రాము ఒకనాడు వ్రాసి ముగించునది కాదు. దానిని వారమునకొకసారియో, దినమునకు పదిసార్లో మార్చుచునే యుందురు. మార్చినదానిని జనుల వాడుకలోనికి పంపుటనే విడుదల యందురు. ఈ విడుదల ఒకప్పుడు మనుష్యుల చేతిపనిగా నుండి, క్రమముగా యంత్రముల పనిగా మారిన చరిత్ర కొంచెము తెలిసికొనదగినది. ఏలయన, అందు జరిగిన పొరపాట్లు సామాన్యమైనవి కావు.

ముందుగా మా ఇంటి పొరపాటొకటి చెప్పెదము. చాల ఏండ్ల క్రిందట, మేము పనిచేసిన ఒక కేంద్రమున, రైతులకొరకు పురుగుమందులపై ఒక ప్రసంగమును రికార్డు చేసితిమి. ప్రసంగించిన పెద్దమనిషి మరునాడు వచ్చి, తాము చెప్పిన మోతాదులో ఒక అంకె తప్పినదని, దిద్ది మరల చదివిరి. అప్పటికే కంప్యూటరులు వచ్చినవి, టేపులు పోయినవి. పాత ప్రతికి ‘చివరిది’ అని పేరున్నది. కొత్తదానికి మాలో ఒకరు ‘అసలు చివరిది’ అని పేరు పెట్టిరి. ప్రసారపు వేళ డ్యూటీలో నున్నవారు వేరొకరు. వారు ‘చివరిది’ని నమ్మిరి. తప్పు అంకె గాలిలోనికి పోయినది. ఆ సాయంత్రమే సవరణ చెప్పితిమి, మరునాడు రెండుమార్లు చెప్పితిమి. కాని మొదటిది విని, రెండవది వినక చేనికి పోయిన రైతు ఎవడైన నుండునేమో యన్న చింత మమ్ములను ఆ పంటకాలమంతయు విడువలేదు. అందు ఎవరి నిర్లక్ష్యమును లేదు. రెండు ప్రతులుండుటయు, వానిలో ఏది సరియైనదో తెలుపు గుర్తు మనుష్యుని మనస్సులో తప్ప వేరొకచోట లేకుండుటయు, ఇవే కారణములు.

ప్రతుల చిక్కు మన సాహిత్యమునకు కొత్త కాదు. ఓరుగల్లు సీమలోని బమ్మెర పోతన భాగవతములో కొన్ని స్కంధములు నష్టము కాగా, వానిని గంగన, సింగన, నారయ యనువారు పూరించిరని సంప్రదాయము. తాటియాకులపై వ్రాసిన ఏ కావ్యమైనను లేఖకుని చేతిలో మారును. ఒకడు పదము విడుచును. ఒకడు తనకు తెలిసిన పద్యము చేర్చును. ఒకడు తప్పనుకొని ఒప్పును దిద్దును. పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర ఇట్టి ప్రతులను అనేకములు కూర్చి, పండితులను తన సొంత ఖర్చుపై నియోగించి, ఒకదానితో ఒకటి పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఏ ప్రతిలో ఏ పాఠమున్నదో గుర్తింపకున్న శుద్ధప్రతి యనుమాటకు అర్థము లేదు. పరిష్కర్తలు అడుగున పాఠాంతరములను సూచించుట ఇందుకే. ఒక గ్రంథమును పూర్తిగా పదిసార్లు అచ్చువేయనక్కరలేదు. ఒక మూలమును, దానికిని తక్కినవానికిని గల భేదములను వ్రాసియుంచిన చాలును. పది ప్రతులును అందుండియే పుట్టింపవచ్చును.

సరిగా ఈ యుక్తినే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కైండ్ అను ఇంజనీరు 1972లో ప్రోగ్రాములకు వర్తింపజేసెను. ప్రోగ్రాము అనగా మనుష్యుడు అక్షరములతో వ్రాసిన వ్రాతయే. దానిని మూలపాఠ మందము. రాచ్‌కైండ్ చేసిన ఎస్.సి.సి.ఎస్. అను సాధనము ఒక మూలపాఠమునకు కలిగిన ప్రతి మార్పును, భేదము మాత్రమే వ్రాసి, ఎవరు మార్చిరి, ఎప్పుడు మార్చిరి, ఎందుకు మార్చిరి అను సంగతులతోపాటు భద్రపరచెను. కోరినప్పుడు ఏనాటి ప్రతినైనను వెలికి తీయవచ్చును. ఇట్టి సాధనములకు ప్రతి నియంత్రణము అని పేరు పెట్టవచ్చును. పదేండ్లకు, 1982లో, పర్డ్యూ విశ్వవిద్యాలయమున వాల్టర్ టిషీ మరియొక సాధనము రచించెను. అందు సరికొత్త ప్రతియే సంపూర్ణముగా నుండును. పాతప్రతులకు వెనుకకు పోవు భేదములుండును. జనులు తరచుగా అడుగునది కొత్తప్రతి కావున, ఈ యేర్పాటు వలన పని త్వరపడినది.

ఈ రెండింటిలోను ఒక నియమముండెను. ఒకరు ఒక పత్రమును దిద్దుచున్నంతసేపు అది వారికి తాళము వేసి యిచ్చినట్లు. మరియొకరు దానిని దిద్దరాదు. గ్రంథాలయమున నున్న ఒకే పుస్తకము వంటిది. 1986లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున డిక్ గ్రూన్ అను ఉపాధ్యాయుడు ఇద్దరు విద్యార్థులతో కలసి ఒక కంపైలరుపై పనిచేయుచుండెను. ముగ్గురి పనివేళలును వేరు. ఒకరి తాళము మరియొకరికి అడ్డమగుచుండెను. అందుచేత నాతడు ముగ్గురును ఒకేమారు దిద్దుకొని, పిమ్మట భేదములను కలుపుకొను ఉపాయమును కల్పించెను. దానినుండి పుట్టిన సి.వి.ఎస్. సాధనము చాలకాలము లోకమంతట వాడబడినది.

అటుపిమ్మటిది గిట్. లినక్స్ అను ప్రసిద్ధమైన వ్యవస్థను వేర్వేరు దేశములవారు కలసి వ్రాయుచుందురు. 2002 మొదలు వారు బిట్‌కీపర్ అను ఒక వ్యాపార సంస్థ సాధనమును ఉచితముగా వాడుకొనుచుండిరి. 2005 ఏప్రిలులో ఆ ఉచితపు సదుపాయము తొలగింపబడెను. లినక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ తానే కొత్త సాధనము వ్రాయ మొదలిడి, కొన్ని దినములలోనే, ఏప్రిలు 7 నాటికి, ఆ సాధనపు మార్పులను ఆ సాధనములోనే దాచుకొను స్థితికి తెచ్చెను. గిట్‌లో ప్రతివాని కంప్యూటరులోను సంపూర్ణ చరిత్ర యుండును. ప్రతి మార్పునకును దాని విషయము నుండియే లెక్కగట్టిన 40 అక్షరముల గుర్తు పడును. లోపల ఒక్క అక్షరము మారినను ఆ గుర్తు మారిపోవును. శిలపై వేసిన సంఖ్యను ఎవరైన చెరిపి వేరొక సంఖ్య వేయవచ్చును గాని, ఈ గుర్తు శిల నుండియే పుట్టినది కావున అట్లు చేయ శక్యము కాదు. గిట్ ఆధారముగా 2008లో నెలకొన్న గిట్‌హబ్ అను సంస్థను 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ నిర్ణయము తీసికొన్న నాయకుడు హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల యని మన పాఠకులు ఎరిగినదే.

ప్రతుల చిక్కు ఇట్లు తీరినది. రెండవ చిక్కు క్రమమునకు సంబంధించినది. మనుష్యుడు వ్రాసిన మూలపాఠము యంత్రమునకు తెలియదు. కంపైలరు అను ప్రోగ్రాము దానిని యంత్రభాషలోనికి మార్చవలెను. పెద్ద ప్రోగ్రాములో వందల ముక్కలుండును. వానిని వేరువేరుగా మార్చి, పిమ్మట కలిపి, పరీక్షించి, సంఖ్య వేసి పంపవలెను. ఒక ముక్కను దిద్ది, దానిని మరల కంపైలు చేయుట మరచితిమా, లోపల పాత ముక్కయే యుండును. పైకి అంతయు కొత్తదిగనే కనబడును.

1976లో బెల్ ప్రయోగశాలలలోనే ఈ విపత్తు జరిగినది. స్టీవ్ జాన్సన్ అను ప్రవీణుడొకడు ఒక ఉదయమంతయు ఒక తప్పును వెదకుచు గడపెను. తీరా చూడగా తప్పును అదివరకే దిద్దియున్నాడు. దిద్దిన ముక్కను కంపైలు చేయుట మాత్రము మరచినాడు. లేని తప్పును వెదకి విసిగిన ఆతడు, సహోద్యోగి స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదికి వచ్చి విధిని తిట్టుకొనెను. ఫెల్డ్‌మన్ కూడ ముందటి సాయంత్రము అదే అవస్థ పడియుండెను. ఆ వారాంతమున నాతడు వ్రాసిన చిన్న సాధనమే మేక్. 2003లో అమెరికాలోని కంప్యూటరు పండితుల సంఘము దీనికై ఆయనను పురస్కరించెను.

మేక్ పనిచేయు తీరు ఎవరికైనను అర్థమగును. మా కార్యక్రమమునే దృష్టాంతముగా తీసికొందము. ప్రసారమునకు సిద్ధమైన కార్యక్రమమునకు రెండు ముక్కలు కావలెను: దిద్దిన ప్రసంగము, సంకేతసంగీతము. దిద్దిన ప్రసంగమునకు రికార్డు చేసిన ప్రసంగము కావలెను. ఈ ఆధారములను ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్క మెట్టున చేయవలసిన పనిని దాని క్రింద వ్రాయుదము. మేక్ ఆ కాగితమును చదివి, ప్రతి వస్తువు ఎప్పుడు తయారైనదో చూచును. వస్తువు కంటె దాని ఆధారము కొత్తదైనచో వస్తువును మరల తయారుచేయును, కానిచో ముట్టుకొనదు. ప్రసంగము మారినప్పుడు దిద్దుబాటును, కలుపుటయు మరల జరుగును. సంగీతమును మరల వాయింపనక్కరలేదు. మండపమున ఒక స్తంభము మారినచో దానిపైనున్న దూలమును, కప్పురాయిని ఎత్తి పెట్టవలెను గాని, ఆవలి మూలను కదల్పనక్కరలేదు గదా!

ఆ కాగితమునకు మేక్‌ఫైల్ అని పేరు. అందొక వింత నియమమున్నది. పని చెప్పు పంక్తి ట్యాబ్ అను మీటతోనే మొదలు కావలెను. ఖాళీ అక్షరములు పనికిరావు. రెండును కంటికి ఒక్కతీరుననే కనబడును. ఈ నియమము వలన తలనొప్పి పడని ప్రోగ్రామరు లేడని చెప్పవచ్చును. ఫెల్డ్‌మన్ తరువాత చెప్పిన కారణము వినదగినది. కొన్ని వారములలోనే ఆ సాధనమును సుమారు పండ్రెండుగురు వాడుచుండిరి. వారిలో పలువురు మిత్రులు. వారి కాగితములు పాడుచేయుట ఇష్టములేక ఆతడు నియమమును మార్చలేదు. ఆ పండ్రెండుగురి సౌకర్యమునకై పెట్టిన చిక్కును అర్ధశతాబ్దము నుండి లోకమెల్ల మోయుచున్నది. వ్రాతలో నిలిచినది ఎంత దీర్ఘకాలము నిలుచునో తెలుపుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ప్రతులు ఒకచోట, క్రమము ఒకచోట సిద్ధమైన పిమ్మట వానిని కలుపు పని మిగిలినది. ఎవరైన ఒక మార్పును ప్రతులలో చేర్చగనే, యంత్రము దానంతట అదియే ఆ ప్రతిని తీసికొని, కట్టి, పరీక్షించి, ఫలితము తెలుపవలెను. ఇట్టి కావలివాండ్రలో ప్రసిద్ధమైన దానిని రచించినవాడు సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేయుచుండిన జపానుదేశీయుడు కోసుకే కవగుచి. తాను చేర్చిన మార్పుల వలన తరచుగా పని చెడుటయు, సహోద్యోగులు కోపించుటయు జరుగుచుండెను. వారికంటె ముందుగా తన తప్పు తనకే తెలియవలెనని ఆతడు ఒక ప్రోగ్రాము వ్రాసికొనెను. 2005లో అది హడ్సన్ అను పేర లోకమునకు వచ్చెను. పేరును గూర్చి వివాదము రాగా 2011లో జెంకిన్స్ అను కొత్తపేరు దాల్చెను. రాత్రి రెండుగంటలకు నిద్రమత్తులో మనుష్యుడు చేయు మెట్లను, అది పగటివేళ చేసినట్లే చేయును.

ఇంతవరకు చెప్పినది సాధనముల కథ. ఇవన్నియు ఉండియు, చివరి మెట్టును చేతితో చేసినవారికి ఏమైనదో చెప్పుదము. నైట్ క్యాపిటల్ అనునది అమెరికాలో షేర్ల క్రయవిక్రయములు నడపిన పెద్ద సంస్థ. 2012 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కు షేరుబజారులో ఒక కొత్త పద్ధతి మొదలగుచుండెను. దానికై సంస్థవారు కొత్త ప్రోగ్రామును ముందుగానే తమ ఎనిమిది సర్వరులలో పెట్టవలసి యుండెను. ఆ పనిచేసిన ఉద్యోగి ఏడింటిలో పెట్టి ఎనిమిదవదానిలో పెట్టుట మరచెను. రెండవవారు సరిచూడవలెనన్న నియమము వ్రాతలో లేదు. ఎనిమిదవ సర్వరులో, 2003 నుండి వాడుకలో లేని పాతప్రోగ్రాము ఒకటి ఇంకను మిగిలియుండెను. కొత్త ప్రోగ్రామునకు పెట్టిన సంకేతమే ఒకప్పుడు ఆ పాతదానిని లేపు సంకేతము.

బజారు తెరచుటతోనే పాతది మేల్కొనినది. ఆగకుండ షేర్లు కొనుచు అమ్ముచు పోయినది. బజారు తెరువకముందే ఆ యంత్రములు 97 ఈ-మెయిళ్లు పంపియుండెను. వానిని హెచ్చరికలుగా ఎవరును భావింపలేదు. తప్పు ఎచ్చటనున్నదో తెలియక, సంస్థవారు సరిగా పనిచేయుచున్న ఏడు సర్వరులనుండి కొత్త ప్రోగ్రామును తీసివేసిరి. దానితో ఏడింటిలోను పాతదే మేల్కొనినది. సుమారు 45 నిమిషములలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల వ్యవహారములు జరిగెను. నష్టము 46 కోట్ల డాలర్లకు పైబడెను. ఏడాది తిరుగకుండగనే ఆ సంస్థ వేరొక సంస్థలో కలసిపోవలసి వచ్చెను. ఒక సర్వరును మరచుట మానవసహజము. మరచుటకు వీలుండునట్లు పనిని అమర్చుట మాత్రము మానవసహజమని సరిపెట్టుకొనరాదు. ఎనిమిది సర్వరుల పేర్లును వ్రాసిన ఒక చిన్న ఆజ్ఞాపత్రమును యంత్రము చేతికిచ్చి, ఎనిమిదింటిలోను ఉన్నది ఒకే ప్రతియగునా కాదా యని దానిచేతనే చూపించినచో, ఆ ఉదయము ప్రశాంతముగా గడచియుండెడిది.

అట్లయిన యంత్రమునకు అప్పగించి కన్నులు మూసికొనవచ్చునా? వచ్చునని తలంచినవారికి 2024 మార్చిలో మరియొక పాఠము దొరికినది. ఎక్స్‌జెడ్ అనునది దత్తాంశమును కుదించు చిన్న సాధనము. లినక్స్ నడుచు అసంఖ్యాకమైన కంప్యూటరులలో నది యుండును. దానిని చిరకాలముగా ఒక్కరే, తీరికవేళల, వేతనము లేక కాపాడుచుండిరి. జియా టాన్ అను పేరుతో ఒకరు వచ్చి, రెండేండ్లకు పైగా సాయపడి, నమ్మకము సంపాదించి, విడుదల చేయు అధికారము పొందిరి. ఆ పేరు వెనుకనున్న దెవరో తేలలేదు. 5.6.0, 5.6.1 అను సంఖ్యలతో వచ్చిన విడుదలలలో, దూరము నుండి కంప్యూటరులోనికి రహస్యముగా దూరుటకు వీలగు దొంగదారి అమర్పబడినది.

ఆ దొంగదారిని ఎచ్చట దాచిరో చూడుడు. దాని శరీరము, పరీక్షలకై ఉంచినట్లు కనబడు పత్రములలో అడగియున్నది. దానిని లేపి కట్టడములో చేర్చు పంక్తులు మాత్రము ప్రతుల భాండారమున లేవు. విడుదల మూటలోని నిర్మాణపత్రమున మాత్రమే యున్నవి. అనగా అందరును చదువదగిన ప్రతి ఒకటి. అందరి యిండ్లకు పంపబడిన ప్రతి మరియొకటి. యంత్రములు చెప్పిన క్రమమున శ్రద్ధగా కట్టినవి. తాము కట్టుచున్నది ఏమో వానికి తెలియదు. దీనిని కనిపెట్టినవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు. దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు పట్టవలసిన దానికంటె సుమారు అరసెకను కాలము అధికముగా పట్టుచున్నదని ఆయన గమనించెను. అరసెకనే గదా యని ఊరకుండక కారణము వెదకెను. మార్చి 29న లోకమునకు తెలిపెను. అప్పటికి ఆ విడుదలలు అధికముగా వ్యాపింపలేదు. మనుష్యుని శ్రద్ధ ఒక్కటి ఆనాడు లోకమును కాపాడినది.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టినచో తేలునది ఒకటే. దాచిన ప్రతియు, కట్టిన క్రమమును, పంపిన వస్తువును ఒకదానికొకటి సరిపోవలెను. మొదటి కథలో క్రమము మనుష్యుని మనస్సులో నున్నది. అందుచేత ఎనిమిదవది జారిపోయినది. రెండవ కథలో క్రమము వ్రాతలోనే యున్నది గాని, ఆ వ్రాత అందరు చూచు చోట లేదు. కావున నిర్మాణపు కాగితమును సైతము ప్రతుల భాండారమునందే, ప్రోగ్రామునకు ఇచ్చిన గౌరవముతోనే, ఎవరు మార్చిరో ఎందుకు మార్చిరో తెలియునట్లు ఉంచవలెనని నేటి ప్రవీణులు చెప్పుచున్నారు. 2013 నుండి డెబియన్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు సంఘమువారు ఇంకొక మెట్టు పైకి పోయిరి. ఒకే మూలపాఠమును ఇద్దరు వేర్వేరు చోట్ల కట్టినచో ఫలితము అక్షరాక్షరము ఒక్కటిగా నుండవలెనని వారి పట్టుదల. ఇది వినుటకు సులభము. కాని కట్టిన తేదీ, పత్రములను చదివిన వరుస మున్నగు అల్పవిషయములే లోపల చేరి భేదము కలిగించును. వానిని ఒక్కొక్కటిగా ఏరివేయుచున్నారు. ఇద్దరు లేఖకులు వ్రాసిన ప్రతులు ఒక్కటిగా నున్నప్పుడే పరిష్కర్తకు ధైర్యము కలిగినట్లు, ఇద్దరు కట్టినవి ఒక్కటిగా నున్నప్పుడే వాడుకరికి ధైర్యము.

ఈ మాటలు మనకు దూరదేశపు ముచ్చటలు కావు. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ ఓరుగల్లులో శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యైనది. అచ్చటినుండియు, మన ఇతర కళాశాలలనుండియు వెలువడిన తెలుగు యువకులు, యువతులు ఖండఖండాంతరములలో ఈ విడుదలల పనిలోనే యున్నారు. 2020 జనవరిలో ఓరుగల్లు చెంతనున్న మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కేంద్రములు ప్రారంభమైనవి. ఇంటికి దగ్గరగా ఉద్యోగము దొరికెనని సంతసించిన తలిదండ్రులు, అమెరికా పగటికి సరిపడ తమ బిడ్డ రాత్రి మేలుకొనుట చూచి కలతపడుటయు కలదు. “రాత్రి విడుదల యున్నదమ్మా, అన్నము మూతపెట్టి పడుకో” అను మాట ఈనాడు ఎన్నియో యిండ్లలో వినబడును. ఆ తల్లికి మేము చెప్పగలిగిన దింతే: విడుదల యనగా నేమో మీ బిడ్డ పనిచేయుచోట ఎంత చక్కగా వ్రాసిపెట్టియున్నదో, మీ బిడ్డకు నిద్ర అంత చక్కగా దొరకును. వ్రాయని పని మనుష్యుని రాత్రులను తినును.

యంత్రములు వచ్చిన పిదప మనుష్యుడు అక్కరలేదని భయపడువారును కలరు. మేము విన్నంతలోను, చదివినంతలోను, చరిత్ర అట్లు చెప్పుట లేదు. జాన్సన్ పోగొట్టుకొన్న ఉదయము లేనిచో మేక్ లేదు. ముగ్గురి వేళలు కుదురకపోవుట లేనిచో సి.వి.ఎస్. లేదు. కవగుచి పడిన మాటలు లేనిచో జెంకిన్స్ లేదు. ఒకనాడు ఒక మనుష్యుడు పడిన శ్రమను మరియొకడు మరల పడకుండ వ్రాసి యంత్రమున దాచుటయే ఈ సాధనముల సారము. దాచినదానిని అప్పుడప్పుడు తెరచి చదువువాడు, అరసెకను ఆలస్యమునకు కారణ మడుగువాడు, మనుష్యుడే కావలెను.

మా కేంద్రమున ఆ పురుగుమందు ప్రసంగము తరువాత ఒక చిన్న మార్పు జరిగినది. ‘చివరిది’ అను పేరును నిషేధించితిమి. ప్రతి ప్రసంగమునకు తేదీ, సంఖ్య, దిద్దినవారి పేరు, దిద్దుటకు కారణము వ్రాయుట మొదలిడితిమి. కొత్తసంఖ్య చేరగనే పాతదానిని ప్రసారపు పెట్టెలోనుండి తొలగించు చిన్న ప్రోగ్రామును ఒక యువ ఇంజనీరు వ్రాసియిచ్చెను. పాతది నశింపదు, భాండారమున నుండును, గాలిలోనికి మాత్రము పోదు. ఆనాటినుండి అట్టి తప్పు మరల మాకు తెలిసి జరుగలేదు.

ఈ వ్యాసము చదివినవారెవరైన హనుమకొండకు పోయినప్పుడు కల్యాణమండపమున క్షణకాలము కూర్చుండుడు. పై కప్పును చూచి, ఏ రాయి పాతదో ఏది కొత్తదో గుర్తింప యత్నింపుడు. విప్పినవారిలో కొందరు ఈపాటికి ఆ పని విడిచి పోయియుందురు. వారు వేసిన సంఖ్యలను అనుసరించి తరువాతివారు నిలిపిన స్తంభములు మీ చుట్టును ఉండును.